వెలిగించిన పైపును ఎవరూ వెనక్కి తీసుకోరు: దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ కొన్న అనుభవం

పొగాకు తాగే పైపు కొనడంలో ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, దానిలోని లోపం వెలిగించి చూస్తే తప్ప బయటపడదు. ఒక్కసారి వెలిగించిన పైపును ఏ విక్రేతా వెనక్కి తీసుకోడు. పొగాకు డబ్బా సంగతీ ఇంతే, మూత తీశాక అది కొన్నవాడిదే. అందువల్ల దుకాణానికి వెళ్లి కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా అన్న ప్రశ్నను ధర, సౌకర్యం అనే రెండు కొలతలతో తేల్చేయడం నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. వెలిగించకముందే ఎంత తెలుసుకోగలం, ఆ తెలుసుకోవడంలో అమ్మేవారు ఎంత సాయపడతారు అన్నదే నేను చూసే కొలత. పన్నెండేళ్లుగా రెండు చోట్లా కొంటూ, రెండు చోట్లా నష్టపోతూ, రెండు చోట్లా మంచి వస్తువులు సంపాదించుకున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా పైపు వల్ల నోటికీ గొంతుకూ క్యాన్సర్ ముప్పు ఉంటుంది కనుక, ఇది ఇప్పటికే ఈ అలవాటు ఉన్న పెద్దవారికి ఉద్దేశించినదే తప్ప కొత్తవారిని పిలవడానికి రాసినది కాదు.

బ్రయర్ అనే చెక్కతో చేసిన నా మొదటి పైపును ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించుకున్నాను. వంపు తిరిగిన కాడ, పొగాకు నింపే నునుపైన గిన్నె, దాని మీద మంటలు పైకి లేస్తున్నట్టుండే చెక్క గీతలు చూసి మనసు పడ్డాను. వచ్చిన పైపు ఫొటోలో ఉన్నట్టే ఉంది. వెలిగించిన పది నిమిషాలకే లోపల గుడగుడమని శబ్దం మొదలైంది, అడుగున పొగాకు తడిసి ముద్దయింది, పొగ పుల్లగా మారింది. ఎన్నిసార్లు ఆరబెట్టినా అదే తంతు. చివరికి టార్చి వేసి చూస్తే, గిన్నె అడుగున సరిగ్గా మధ్యలో తెరుచుకోవలసిన పొగ రంధ్రం అడుగుకు సుమారు 3 మిల్లీమీటర్ల పైన తెరుచుకుని ఉంది. ఆ మిగిలిన గుంటలో పొగాకు కాలదు, తేమ మాత్రం చేరుతుంది. విక్రేతకు రాస్తే మర్యాదగానే జవాబు వచ్చింది: వాడిన పైపును ఆరోగ్య కారణాల వల్ల తీసుకోలేమని. ఆ నియమం న్యాయమైనదే, ఒకరి నోట్లో పెట్టుకున్న వస్తువును మరొకరికి కొత్తదిగా అమ్మమని నేను అడగలేను. బూడిదను నీళ్లతో కలిపి ఆ గుంటను పూడ్చి, రెండు రోజులు ఆరనిచ్చి వాడుకున్నాను. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది. కానీ ఆ రంధ్రాన్ని కొనకముందే చూడగలిగి ఉంటే దాన్ని కొనేవాడిని కాదు.

దుకాణంలో ఆ అవకాశం ఉంటుంది. పైపును చేతిలోకి తీసుకుని, మౌత్‌పీస్ వైపు నుంచి పైపు క్లీనర్‌ను, అంటే నూలు చుట్టిన సన్నని తీగను, మెల్లగా తోస్తే, ఎక్కడా అడ్డం తగలకుండా వెళ్లి దాని కొన గిన్నె అడుగున కనిపించాలి. బాగా వంపు ఉన్న పైపుల్లో కొన్నిటికి ఇది సాధ్యం కాదు, కానీ నిటారు పైపులో క్లీనర్ ఆగిపోయిందంటే ఆ పైపును తిరిగి అద్దాల బీరువాలో పెట్టించడమే మంచిది. ఖాళీ పైపును నోట పెట్టుకోనివ్వని దుకాణాలే ఎక్కువ, అది సబబే. అయితే గిన్నెలోకి టార్చి వేసి చూడటానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కాడ, మౌత్‌పీస్ కలిసే చోట వెలుతురు దూరేంత సందు ఉందా, పంటి కింద పట్టే కొస మరీ మందంగా ఉందా అన్నవి వేళ్లకే తెలిసిపోతాయి. ఆ కొస 4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే దవడకు హాయిగా ఉంటుంది, 5 దాటితే అరగంటకే నొప్పి పుడుతుంది. బరువు కూడా అంతే. 35 గ్రాముల పైపును పళ్ల మధ్య పట్టుకుని చేతులతో వేరే పని చేసుకోవచ్చు. 60 గ్రాముల పైపు చేతిలో ఉండవలసిందే. ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు, రెండు పైపులను రెండు చేతుల్లో పట్టుకున్న రోజున అర్థమయ్యాయి.

దుకాణంలో చూపు మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. బ్రయర్ అనేది మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద వేరు దగ్గర ఏర్పడే బుడిపె. దాన్ని కోసి, గంటల తరబడి ఉడికించి, నెలల నుంచి ఏళ్ల వరకు ఆరబెట్టి పైపుగా మలుస్తారు. ఆ చెక్కలో సహజంగానే చిన్న చిన్న గుంటలుంటాయి, తయారీదారులు వాటిని పుట్టీతో పూడ్చి రంగు వేస్తారు. పూడ్చిన మచ్చ కనబడగానే పైపును పక్కన పెట్టేసేవారిని చాలామందిని చూశాను. ఆ మచ్చ కంటికి లోపమే కానీ పొగకు లోపం కాదు. పొగ రంధ్రం సరిగ్గా తొలిచిన, రెండు మచ్చలున్న పైపు, అద్దంలా మెరిసే వంకర రంధ్రం పైపు కన్నా వెయ్యి రెట్లు మేలు. దుకాణపు వస్తువుకు ప్రత్యేకంగా వచ్చే జబ్బు మరొకటుంది. వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన మౌత్‌పీస్ వెలుతురు తగిలితే ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగి, నోటికి గంధకం రుచి తగిలిస్తుంది. కిటికీ పక్కన ఏడాదిపాటు ప్రదర్శనకు పెట్టిన పైపులు చాలావరకు ఇలాగే ఉంటాయి. అక్రిలిక్‌కు ఈ బాధ లేదు, కానీ అది పంటికి గట్టిగా తగులుతుంది.

ఆన్‌లైన్ విక్రేతలను నేను తక్కువ చేయబోవడం లేదు. వారిలో శ్రద్ధ ఉన్నవారు అమ్మే పైపు ఒక్కొక్కదానినీ విడిగా, అన్ని వైపుల నుంచి ఫొటో తీసి, పొడవు, బరువు, గిన్నె లోతు, లోపలి వ్యాసం మిల్లీమీటర్లతో సహా ఇస్తారు. ఇంత ఓపికగా కొలిచి చెప్పిన దుకాణాన్ని నేను ఇంతవరకు చూడలేదు. సన్నని గిన్నెలో ఫ్లేక్ పొగాకు, అంటే అదిమి పలుచని పలకలుగా కోసిన పొగాకు, నాకు బాగా కాలుతుందని తెలిసిన తరువాత, 18 మిల్లీమీటర్ల లోపు వ్యాసం ఉన్న పైపులను మాత్రమే వెతికి చూడగలగడం నాకెంతో ఉపయోగపడింది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి: ఫొటోలో ఉన్నది మీకు పంపబోయే ఆ పైపేనా, లేక ఆ నమూనాకు అందరికీ చూపించే ఒకే ఫొటోనా అన్నది ముందే తేల్చుకోవాలి. నేను మోసపోయిన మొదటి పైపులో ఫొటో నిజమైనదే, కానీ గిన్నె లోపలి ఫొటో లేదు. ఇప్పుడు ఆ ఫొటో లేని పైపును ఎంత అందంగా ఉన్నా కొనను, అడిగితే తీసి పంపే విక్రేత దగ్గరే కొంటాను. ఫిల్టరు కొలత కూడా చూసుకోవలసిందే. యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, 9 మిల్లీమీటర్ల ఫిల్టరు వాడకం ఎక్కువ. ఇటలీకి చెందిన సావినెల్లి పైపుల్లో బాల్సా చెక్కతో చేసిన 6 మిల్లీమీటర్ల ఫిల్టర్లు పట్టేవి కూడా ఉంటాయి. ఒకదానిది మరొకదానిలో ఇమడదు.

మొక్కజొన్న కంకి బెండుతో చేసే పైపుల విషయంలో మాత్రం ఈ ఆలోచనంతా అనవసరం. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, వాషింగ్టన్ అనే పట్టణంలో 1869 నుంచి వీటిని చేస్తున్న మిస్సోరి మీర్షామ్ సంస్థ పైపులు చవకవి, ఒకదానికొకటి పెద్ద తేడా లేనివి. చవక అనే మాట విని చిన్నచూపు చూడకండి; కొత్త పొగాకును పరీక్షించడానికి నేను ఇప్పటికీ వీటినే వాడతాను. ఎక్కడ దొరికితే అక్కడ కొనవచ్చు.

పొగాకు దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. దుకాణంలో గాజు జాడీల మూతలు తీసి వాసన చూపిస్తారు, ఆ వాసనకే సగం మంది కొనేస్తారు. నేనూ కొన్నాను. వనిల్లా, చెర్రీ వంటి పరిమళాలు కలిపిన మిశ్రమాలు జాడీలో గుబాళించినంతగా నాలుక మీద ఉండవు. ఆ గుబాళింపు ఎక్కువగా పక్కన కూర్చున్నవారికే అందుతుంది. ఇందుకు పూర్తిగా వ్యతిరేకం లటాకియా. నిప్పు పొగలో మగ్గబెట్టిన ఆ ఆకు డబ్బాలో కాలిన తోలులా వాసన కొట్టి భయపెడుతుంది, పైపులో మాత్రం మెత్తగా, చల్లగా కాలుతుంది. కనుక జాడీ దగ్గర ముక్కు కన్నా వేళ్లను నమ్మడం మంచిది. చిటికెడు పొగాకును వేళ్ల మధ్య నొక్కి వదిలితే నెమ్మదిగా విచ్చుకోవాలి. ముద్దలా అంటుకుపోతే తడి ఎక్కువ, గలగలమంటూ విరిగితే జాడీని రోజుకు ఎన్నోసార్లు తెరిచి మూసి ఎండబెట్టేశారని అర్థం. తేమ ఆరిపోకుండా కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువైన పొగాకు రోజంతా ఆరబెట్టినా జిగటగానే ఉంటుంది, దాన్ని తాజాదనమని పొరబడకూడదు. దుకాణం తన సొంత పేరుతో అమ్మే మిశ్రమాల్లో చాలా భాగం పెద్ద తయారీదారుల దగ్గర బస్తాల్లో కొని పేరు మార్చినవే. అందులో తప్పేమీ లేదు, అడిగితే అసలు పేరు చెప్పే దుకాణదారు నమ్మదగినవాడని నా అభిప్రాయం.

దుకాణంలో నాకు దొరికిన అతి విలువైన వస్తువుకు వాళ్లు డబ్బు తీసుకోలేదు. వర్జీనియా అనే పొగాకు రకంతో చేసిన ఒక ఫ్లేక్ డబ్బాను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ప్రతిసారీ నాలుక మండి, సరుకే చెడిందని నిర్ధారణకు వచ్చి, దాదాపు పారేయబోయిన రోజుల్లో, నేను అప్పుడప్పుడూ వెళ్లే దుకాణంలోని పెద్దాయన దగ్గర ఆ మాట ప్రస్తావించాను. ఆయన డబ్బా తెమ్మని, ఒక పలకను వేళ్లతో నలిపి, కాగితం మీద పరిచి, నలభై నిమిషాలు ఆగమన్నారు. తరువాత నా పైపులో సగమే నింపించి, "నిప్పు ఆరిపోకుండా ఉంటే చాలు, అంతకన్నా ఎక్కువ లాగకండి" అన్నారు. అదే డబ్బా, అదే పైపు, మంట లేదు. వర్జీనియాలో చక్కెర శాతం ఎక్కువ కనుక తడిగా, తొందరగా కాలిస్తే ఆవిరి నాలుకను కాలుస్తుందని ఆయన వివరించేవరకు నేను వందలకొద్దీ అభిప్రాయాలు చదివీ ఆ చిన్న సంగతిని అందుకోలేకపోయాను. వేరొక చోట నేను ఏ పైపు వాడతానో, ఏ పొగాకు ఇష్టమో ఒక్క ముక్క అడగకుండా బీరువాలోని అతి ఖరీదైన డబ్బాను చేతికిచ్చిన దుకాణమూ ఉంది. అక్కడ అమ్మేదంతా సిగరెట్లూ లైటర్లే. పైపు గురించి తెలిసిన మనిషి లేని దుకాణం ఆన్‌లైన్ కన్నా అన్ని విధాలా తక్కువదే: ఎంపిక తక్కువ, సమాచారం తక్కువ, తరచూ ధర ఎక్కువ.

సీలు ఉన్న డబ్బాలు, అందులోనూ మీకు ముందే తెలిసిన మిశ్రమాలు, ఆన్‌లైన్‌లో కొనడమే తెలివైన పని. అక్కడ సరుకు తొందరగా కదులుతుంది, రకాలు అపారం. కానీ నెమ్మదిగా అమ్ముడయ్యే దుకాణానికి ఇక్కడ అనుకోని లాభం ఒకటుంది. వర్జీనియా ప్రధానంగా ఉన్న పొగాకు గాలి చొరని డబ్బాలో ఏళ్ల తరబడి మగ్గి, ఘాటు తగ్గి, తీపి తేలుతుంది. మూలన దుమ్ము పట్టిన గుండ్రటి డబ్బా కనబడితే మూత మధ్యలో వేలితో నొక్కి చూస్తాను. టిక్కుమని లోపలికి వెళ్లి పైకి వస్తే సీలు పోయినట్టే, కదలకుండా గట్టిగా ఉంటే మారు మాట్లాడకుండా కొంటాను. మెక్‌క్లెలాండ్ అనే అమెరికా పైపు పొగాకు సంస్థ 2018లో మూతపడిన తరువాత దాని డబ్బాలు ఆన్‌లైన్‌లో రోజుల్లో మాయమయ్యాయి. నాకు మాత్రం కొన్ని నెలల తరువాత ఒక దుకాణపు అడుగు అరలో, పాత ధర చీటీతో, రెండు దొరికాయి. పరిమళాలు కలిపిన పొగాకును మాత్రం ఇలా దాచిపెట్టి లాభం లేదు, ఆ పరిమళం కాలంతో పాటు తరిగిపోతుంది.

దేశం దాటి తెప్పించుకునేవారు చట్టాన్ని ముందుగా చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన పొగాకు ఉత్పత్తుల ఆదేశం, సరిహద్దులు దాటి వినియోగదారుకు నేరుగా పొగాకు అమ్మడాన్ని నిషేధించే వీలు సభ్యదేశాలకు ఇచ్చింది. నిషేధం లేని చోట కూడా సుంకం పొగాకు ధర కన్నా ఎక్కువ పడవచ్చు. నా పార్సిల్ ఒకటి వేసవిలో కస్టమ్స్ గోదాములో మూడు వారాలు ఉండిపోయి, వచ్చేసరికి నాలుగు డబ్బాల్లో ఒకదాని సీలు వదిలేసింది. వయసు ధ్రువీకరణ అడగని విక్రేత దగ్గర నేను కొనను. అమెరికాలో 2019 డిసెంబరు నుంచి కనీస వయసు 21 ఏళ్లు, ఆ తనిఖీని తప్పించేవారు సరుకు విషయంలో నిజాయితీగా ఉంటారని నమ్మడం కష్టం. పైపు క్లీనర్లు, గిన్నెలో పొగాకును అదిమే టాంపర్లు, ఫిల్టర్ల వంటివి ఏడాదికి సరిపడా ఆన్‌లైన్‌లో ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

వెలిగించిన పైపును ఎవరూ వెనక్కి తీసుకోరని మొదట రాశాను. అయితే ఇతరులు వాడిన పాత పైపులను శుభ్రం చేసి అమ్మేవారు ఉన్నారు, ఈ రకం సరుకు దాదాపు అంతా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా బాగా కాలే పైపు అలా వచ్చినదే. విక్రేత గిన్నె లోపలి ఫొటో, పొగ రంధ్రం ఫొటో, మౌత్‌పీస్ మీద పంటి గాట్ల ఫొటో అడగకుండానే పెట్టాడు. పాత యజమాని అందులో లటాకియా వాడలేదని, అందువల్ల ఆ వాసన చెక్కకు పట్టి ఉండదని రాశాడు. గిన్నె అంచు ఒక పక్క కాస్త మాడి ఉంది, గోడల్లో పగుళ్లు లేవు, లోపలి బొగ్గు పొర అడుగు వరకు ఒకే మందాన పట్టి ఉంది. రంధ్రం వంకరగా ఉంటే ఆ పొర అలా అడుగుదాకా సమంగా పట్టదు. కొత్త పైపులో నేను టార్చి వేసి ఊహించుకోవలసినదంతా ఆ పైపులో ఎవరో ఏళ్ల తరబడి కాల్చి చూసి ఉన్నారు.