తేనెపెట్టెల లెక్క నోట్‌బుక్కులోనా, షీటులోనా, యాపులోనా? ఏది మేలు?

పెరట్లో నాలుగైదు పెట్టెలు ఉన్నంతకాలం ఏ లెక్కా రాయక్కర్లేదు. ఎందులో ఏముందో నోటికే ఉంటుంది. పెట్టెలు పది దాటి, సగం మామిడి తోటలో, సగం ఇంకొకరి పొద్దుతిరుగుడు చేను గట్టున ఉన్నప్పుడు తంటా మొదలవుతుంది. పోయినసారి గుడ్లు కనబడనిది ఆరో పెట్టెలోనా, తొమ్మిదో పెట్టెలోనా? కొత్త రాణిని పెంచే గది (రాణి గది) కట్టింది ఈ వారమా, కిందటి వారమా? ఇది తేలకపోతే ప్రతి మూతా తీసి చూడాల్సిందే. మనకీ శ్రమే, ఈగలకీ చిరాకే.

మార్కెట్లో దొరికే యాపులు, సెన్సర్లు, ఉచిత షీట్లు, పాత నోట్‌బుక్కు అన్నిటినీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను. వచ్చేసారి తోటకి వెళ్లినప్పుడు ముందు ఏ మూత తీయాలో, ఏ మూత జోలికి పోకూడదో ఇది చెబుతుందా? చెప్పకపోతే అది ఎంత అందంగా ఉన్నా మనకి పనికొచ్చేది కాదు.

ముందు ఏం రాయాలో తేల్చుకుంటే ఎక్కడ రాయాలనేది తేలిక. చాలామంది "రాణి కనిపించింది, కనిపించలేదు" అని రాస్తారు. దానికంటే "గుడ్లు ఉన్నాయి, లేవు" అన్నది పదిరెట్లు విలువైన మాట. గుడ్డు మూడు రోజులే గుడ్డుగా ఉంటుంది, తర్వాత పురుగవుతుంది. పట్టు గది అడుగున బియ్యపు నూకలా తెల్లగా నిలబడ్డ గుడ్డు కనిపిస్తే మూడు రోజుల కిందటి దాకా రాణి పనిలో ఉన్నట్టే, ఆవిణ్ని వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. గుడ్లు కాక ఎన్ని ఫ్రేముల్లో (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాల్లో) పిల్ల (పెరిగే పురుగులు) ఉంది, ఎన్నిట్లో తేనె ఉంది, రాణి గదులున్నాయా, జబ్బు గుర్తులేమైనా ఉన్నాయా, మనం ఏం చేసి మూత వేశాం. ఇంతే. ఇంతకంటే ఎక్కువ అడిగే ఫారం ఏదైనా నెల తిరిగేసరికి ఖాళీగా మిగులుతుంది.

నోట్‌బుక్కు, మూత మీద సుద్ద

కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు. సిగ్నల్ అక్కర్లేదు. అరకు, పాడేరు వైపు వలిసె పూల కాలంలో పెట్టెలు పెట్టుకున్నవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. చేతి తొడుగులతో ఫోను తెర పలకదు. తొడుగులు తీస్తే వేళ్లకి తేనె. ముఖానికి వల ఉంటే ఫోను మన ముఖాన్ని గుర్తుపట్టి తెరుచుకోదు. ఎండలో తెర కనబడదు. మెల్లిఫెరా, అంటే బయటి దేశాల నుంచి వచ్చిన తేనెటీగ, పెంచేవాళ్లకి వీటికి తోడు జిగురు ఒకటి. ఆ ఈగలు చెట్ల బంక తెచ్చి ఫ్రేముల సందులన్నీ మూసేస్తాయి. అది వేలికి అంటిందంటే సబ్బుకి కూడా లొంగదు. మన తొర్ర తేనెటీగ, అంటే సెరానా, ఆ బంక జోలికి పెద్దగా పోదు కాబట్టి దాన్ని పెంచేవాళ్లకి ఆ బాధ తక్కువ.

కొందరు మూత కింద చీటీ పెడతారు. ఆలోచన మంచిదే, కానీ ఈగలకి కాగితం అంటే చెత్త కింద లెక్క. కొరికి కొరికి పీచులు చేసి గుమ్మం బయట పారేస్తాయి. పెట్టాలనుకుంటే పాలిథిన్ కవర్లో పెట్టి, లోపలి మూతకీ పైమూతకీ మధ్య పెట్టాలి. సుద్దతో మూత మీద రాసింది ఒక్క వానకి పోతుంది. మైనపు పెన్సిలో, పెయింట్ మార్కరో అయితే కొంతకాలం నిలుస్తుంది. ఇవేవీ లేకపోతే మూత మీద రాయి ఉండనే ఉంది. నిలువుగా పెడితే "రాణి సంగతి చూడాలి", అడ్డంగా పెడితే "బాగుంది", మూలన పెడితే "పాకం పోయాలి" అని ఇంట్లో అందరూ ఒప్పుకుంటే చాలు. గట్టు మీద నిలబడి ఒక్క చూపులో తోటంతా చదవచ్చు, ఏ యాపూ ఈ పని చేయదు.

కాగితం ఓడిపోయేది ఒక్కచోటే, వెనక్కి వెతికేటప్పుడు. పోయిన ఏడాది ఇదే నెలలో ఏ కుటుంబం (పెట్టెలోని ఈగల గుంపు) బలంగా ఉంది అని అడిగితే నోట్‌బుక్కు మొత్తం తిరగేయాలి. ఈ ప్రశ్న ఊరికే వచ్చేది కాదు. 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో సెరానా పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. పిల్ల పురుగులు నీటి సంచుల్లా ఉబ్బి గదుల్లోనే చచ్చేవి. ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దానికి మందు లేదు. చుట్టుపక్కల పెట్టెలు ఖాళీ అవుతుంటే నిలబడ్డ కుటుంబం ఏదో గుర్తుపట్టి, దాన్నుంచి రాణుల్ని పెంచుకోవడమే ఉన్న దారి. ఆ కుటుంబం ఏదన్నది రెండు మూడేళ్ల లెక్క ఒకచోట ఉంటే తప్ప తెలియదు.

షీటు

గూగుల్ షీట్సో, ఎక్సెలో, ఏదైనా ఒకటే. ఒక తనిఖీకి ఒక వరస: తేదీ, చోటు, కుటుంబం, గుడ్లు, పిల్ల ఫ్రేములు, తేనె ఫ్రేములు, రాణి గదులు, ఏం చేశాం, తర్వాత ఏం చేయాలి, ఎప్పుడు. అసలు ప్రాణం ఆ చివరి రెండు గడుల్లో ఉంది. మిగతావన్నీ చరిత్ర.

ఉదాహరణకి పెట్టెని రెండుగా విడదీశాం అనుకోండి. రాణి లేని సగంలో ఈగలు చిన్న పురుగుని ఎంచుకుని కొత్త రాణిని పెంచుకుంటాయి. గుడ్డు పెట్టిన రోజు నుంచి పదహారో రోజుకి రాణి బయటికొస్తుంది. తర్వాత ఒళ్లు గట్టిపడాలి, ఎగరాలి, పోతుటీగలతో కలిసి రావాలి, అప్పుడు గుడ్లు. మొత్తం దాదాపు నాలుగు వారాలు. ఈలోపు మాటిమాటికీ మూత తీస్తే కొత్త రాణి దారి తప్పొచ్చు, లేదా గుండె దడతో మనమే ఏదో ఒకటి చేసి చెడగొడతాం. షీటులో విడదీసిన తేదీకి 28 కలిపే ఫార్ములా పెట్టుకుంటే సరి. ఆ రోజుకి ఆ వరస ఎర్రబడుతుంది, అప్పుడెళ్లి గుడ్లున్నాయా అని చూస్తాం. లేకపోతే పక్క కుటుంబంలో కలిపేస్తాం. అప్పటిదాకా టెన్షన్ లేదు.

ఈగల ఒంటిని పట్టుకుని పీల్చే వరోవా పురుగు లెక్క కూడా షీటుకి సరిపోయే పని. అర కప్పు ఈగలు, అంటే దాదాపు మూడు వందలు, సీసాలో వేసి పొడి చక్కెర చల్లి దులిపితే రాలిన పురుగుల్ని మూడుతో భాగిస్తే నూటికి ఎన్నో వస్తుంది. మెల్లిఫెరాలో నూటికి మూడు దాకా వచ్చిందంటే ఊరుకోకూడదు. సెరానా ఆ పురుగుతో యుగాలుగా కాపురం చేస్తున్నదే కనుక దానికి ఈ గొడవ తక్కువ.

షీటులో తలనొప్పి ఒకటుంది, దాన్ని మొదటిరోజే తేల్చుకోవాలి. నంబరు దేనికి ఇస్తున్నాం? పెట్టెకా, పెట్టె ఉన్న చోటుకా, లోపలి కుటుంబానికా? పెట్టె చెక్క పుచ్చిపోతే మారుస్తాం. చోటు పూల కాలాన్ని బట్టి మారుతుంది. సెరానా అయితే ఒకరోజు ఉన్నట్టుండి పెట్టె ఖాళీ చేసి పోతుంది, నెల తర్వాత అదే పెట్టెలోకి వేరే గుంపు వచ్చి చేరుతుంది. రెండిటికీ "7" అనే పేరే ఉంటే ఏడాది చివర లెక్క చూసినప్పుడు ఏడో పెట్టె పారిపోయి తిరిగొచ్చిన పెట్టెలా కనిపిస్తుంది. నంబరు కుటుంబానికే ఇవ్వాలి. 7-అ పోయింది, 7-ఆ వచ్చింది. పెట్టె మీద 7 పెయింట్‌తో రాసుకోండి, షీటులో అక్షరం మారుతుంది. రాణి మారితే అక్షరం మార్చక్కర్లేదు కానీ గుర్తు కోసం రాణి వీపు మీద వేసే రంగు చుక్క మారుతుంది. రాణి పుట్టిన సంవత్సరం 1 లేదా 6తో ముగిస్తే తెలుపు, 2, 7 పసుపు, 3, 8 ఎరుపు, 4, 9 ఆకుపచ్చ, 5, 0 నీలం. ప్రపంచమంతా ఇదే వరస. రంగు చూసి రాణి వయసు చెప్పేయొచ్చు.

యాపులు

ఈ నంబర్ల చిక్కుని మంచి యాపులు ముందే విప్పిపెట్టాయి, అది ఒప్పుకోవాలి. తోట, అందులో పెట్టె, పెట్టెలో కుటుంబం, కుటుంబానికి రాణి అని అంచెలుగా ఉంటాయి. పెట్టె జరిపితే చరిత్ర వెంట వస్తుంది. అమెరికాలో నార్త్ కరొలైనా నుంచి 2010లో మొదలైన హైవ్‌ట్రాక్స్ వీటిలో పాతది. నెదర్లాండ్స్ వాళ్ల బీప్ ఉచితం, దాని కోడ్ కూడా అందరికీ తెరిచి పెట్టారు. పెట్టెకి క్యూఆర్ స్టిక్కర్ అంటించి, ఫోనుతో చూపిస్తే ఆ కుటుంబం పేజీ తెరుచుకునే సౌకర్యం ఇచ్చే యాపులూ ఉన్నాయి. ఫోటోలు తేదీతో సహా దాచుకోవచ్చు. పిల్ల ఫ్రేము ఫోటో ఒక పేజీ రాతకి సమానం, జబ్బు అనుమానం వచ్చినప్పుడు మరీను.

కానీ వీటిని చలి దేశాల్లో, మెల్లిఫెరా కోసం, దానికి వాడే పెద్ద లాంగ్‌స్ట్రాత్ పెట్టె కోసం తయారుచేశారు. శీతాకాలానికి పెట్టె సిద్ధమా అని అడుగుతాయి. మనకి శీతాకాలం పూల కాలం. మన గండం వానాకాలం, పూలు లేక ఈగలు ఆకలితో ఉండే ఆ రెండు మూడు నెలలు. చీమలు ఎక్కాయా, పీట కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లున్నాయా, మైనపు పురుగు పట్టిందా, కందిరీగలు గుమ్మం దగ్గర కాపలా కాస్తున్నాయా అన్నవి ఆ ఫారాల్లో ఓ మూల ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. తెలుగులో నడిచేది ఇప్పటిదాకా నా కంటపడలేదు.

దీనికంటే పెద్ద అభ్యంతరం గుర్తుచేసే గంటలతో. "ఈ కుటుంబాన్ని చూసి వారమైంది" అని యాపు పొడుస్తూ ఉంటుంది. మెల్లిఫెరాకి, గుంపులు విడిపోయే కాలంలో, ఆ పోరు మంచిదే. పూల కరువులో ఉన్న సెరానాని వారం వారం తెరిస్తే అది పెట్టె వదిలి పోవడానికి మనమే ముహూర్తం పెట్టినట్టు. అలాంటప్పుడు గుమ్మం ముందు ఐదు నిమిషాలు కూర్చుని చూడటమే తనిఖీ. కాళ్లకి పుప్పొడి ముద్దలతో ఈగలు లోపలికి పోతున్నాయంటే లోపల పెంచే పిల్ల చాలావరకు ఉన్నట్టే. "బయటి నుంచి చూశాను, పుప్పొడి వస్తోంది" అన్న వరసని పూర్తి తనిఖీగా లెక్కేసుకునే వీలు యాపులో ఉందో లేదో చూడండి. లేకపోతే గంటలు ఆపేయండి.

సెన్సర్ల గురించి పెద్దగా చెప్పను. పెట్టె కింద తూకం, లోపల వేడి, శబ్దం కొలిచి ఫోనుకి పంపేవి ఉన్నాయి. సెరానా పెట్టె నుంచి ఏడాదికి అయిదారు కిలోలు వస్తే సంతోషించే చోట పెట్టెకొకటి పెట్టడం దండగ. తేనె రాబడి మొదలైందా, ఆగిందా తెలుసుకోవడానికి తోటలో ఒక్క పెట్టె తూకం చాలు. దానికి సామాన్ల బరువు చూసే వేలాడే కాటా సరిపోతుంది. పెట్టె ఒక పక్క కొంచెం ఎత్తి చూడండి, రెండో పక్క ఎత్తి చూడండి, రెండూ కలపండి, దాదాపు పెట్టె బరువు వచ్చేస్తుంది. సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక తూస్తే మేలు.

చేతులు ఖాళీ లేనప్పుడు

మొదట చెప్పిన జిగురు చేతుల సమస్యకి ఫోనులోనే ఒక మందు ఉంది, వాయిస్ రికార్డర్. వల కట్టుకునే ముందే ఆన్ చేసి జేబులో పడేయడం, చూసింది చూసినట్టు చెప్పుకుంటూ పోవడం. "ఏడో పెట్టె. గుడ్లున్నాయి. పిల్ల నాలుగు ఫ్రేములు. తేనె రెండు. రాణి గదులు లేవు. తేనె కోసం పైపెట్టె (సూపర్) పెట్టాను. పది రోజుల తర్వాత చూడాలి." ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1792లో తేనెటీగల మీద గొప్ప పరిశీలనలు అచ్చువేసిన జెనీవా వాడు ఫ్రాన్స్వా హ్యూబర్‌కి చూపు లేదు. బర్నెన్స్ అనే సహాయకుడు పెట్టెలోకి చూసి చెబుతుంటే, ఆయన ప్రశ్నలు వేసి రాబట్టేవాడు. ఒకరు చూసి చెప్పడం, ఒకరు వినడం. ఇంట్లో పిల్లలో, భార్యో, తమ్ముడో దూరంగా చెట్టు కింద కూర్చుని మనం చెప్పింది షీటులో కొట్టగలిగితే రికార్డరు కూడా అక్కర్లేదు.

రికార్డరుతో ఒక్కటే చిక్కు. ఆ రాత్రే విని షీటులో ఎక్కించాలి. రెండోరోజుకి పోతే పదోరోజుకి పోతుంది, తర్వాత ఆ ఫైళ్లని ఎవరూ వినరు. తెలుగులో వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే పనిచేస్తుంది కానీ, వల వెనక నుంచి, పొగడబ్బా కొడుతూ చెబితే "పిల్ల" "పల్లె" అవుతుంది. తోటలో దానిమీద ఆధారపడొద్దు, ఇంటికొచ్చి ఎక్కించేటప్పుడు వాడుకోండి.

ఇక తేల్చి చెప్పమంటే, పాతిక పెట్టెల లోపు, ఒక్కరే చూసుకునేవాళ్లకి మూత మీద రాయి, జేబులో రికార్డరు, ఇంట్లో షీటు. ఈ మూడు కలిస్తే ఏ యాపుకీ తీసిపోదు, డబ్బు ఖర్చు లేదు. రాణుల్ని పెంచి అమ్మేవాళ్లు, పొద్దుతిరుగుడు నుంచి నువ్వులకి, అక్కణ్నుంచి ఇంకో పంటకి లారీలో పెట్టెలు తిప్పేవాళ్లు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే తోట చూసుకునేవాళ్లు యాపు వైపు వెళ్లడమే సబబు. ఒకరు చూసింది రెండోవాళ్లకి అప్పుడే తెలియాలి కదా. అయిదారు పెట్టెల వాళ్లకి నోట్‌బుక్కు చాలు, షీటు కూడా ఆడంబరమే.

తేనె అమ్మేవాళ్లు మాత్రం ఎన్ని పెట్టెలున్నా ఒక షీటు విడిగా పెట్టుకోవాలి. తీసిన తేదీ, చోటు, ఆ వారం విరబూసిన పూలు, ఏ కుటుంబాల నుంచి, ఎన్ని కిలోలు, తేమ ఎంత. సీసా మీద బ్యాచ్ నంబరు, షీటులో అదే నంబరు. 2021లో కేంద్రం తెచ్చిన మధుక్రాంతి పోర్టల్ ఉద్దేశం కూడా ఇదే, పెంపకందారుని నమోదు చేసి తేనె ఎక్కణ్నుంచి వచ్చిందో వెతికి పట్టుకునేలా చేయడం. అక్కడ నమోదైనా కాకపోయినా, "ఇది ఏ పూల తేనె?" అని కొనేవాళ్లు అడిగినప్పుడు ఈ షీటే జవాబు.

యాపు తీసుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి. రెండు పెట్టెల వివరాలు తెలుగులో ఎక్కించి, డేటా మొత్తం ఫైలుగా దింపుకోండి. దింపుకునే దారే లేకపోతే ఆ యాపు వద్దు, కంపెనీ మూతపడిన రోజున మీ రాణుల చరిత్ర కూడా మూతపడుతుంది. ఫైలు వచ్చి, ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలకి బదులు పిచ్చి గుర్తులు కనబడితే కంగారు పడకండి, అదే ఫైలుని గూగుల్ షీట్స్‌లో తెరవండి. అక్కడ కూడా పిచ్చి గుర్తులే వస్తే ఇంకో యాపు చూసుకోండి.