విత్తనపు పొట్టేలు కోసం కనిగిరి వైపు ఓ ఫారంకి వెళ్తే

రేటింగ్: 5కి మూడున్నర. ఫారం పేరు రాయను. సరుకు, ధర, వాళ్ల పద్ధతి మాత్రం చెబుతా.

మాకు ఇరవై దాకా ఆడగొర్రెలు, ఇంటి వెనకే దొడ్డి. మగవాళ్లు పనులకు పోతే మేత వేసేది నేను, తొట్టి కడిగేది మా అత్తమ్మ. కాబట్టి మాకు పొట్టేలు ఎత్తూ కొమ్మూ తర్వాత, ముందు గుణం. పాతది మంచిదే, కానీ దాని కూతుళ్లు ఎదకొచ్చే వయసుకి వచ్చాయి, వాటిని కూడా అదే దాటితే లాభం లేదు. అందుకే కొత్తది వెతికాం.

ఫారం శుభ్రంగా ఉంది. నేలకు ఎత్తుగా చెక్కల మంచె, పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, వాసన తక్కువ. అన్నీ నెల్లూరు గొర్రెల్లో జోడిపి అనే రకానివే: తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్ల మచ్చలు. మన దేశంలో ఎత్తైన గొర్రె జాతి నెల్లూరుదే కదా, నిలబడితే కంటికి నిండుగా ఉంటాయి. వీడియోల్లో చూపించే వాళ్ల పేరుమోసిన పొట్టేలు గేటు తీయగానే వచ్చి నా తొడకి తల ఆనించింది. పనబ్బాయి దాని నుదురు గోకుతూ, "పిల్లోడితో సమానం మేడమ్, పాలసీసా పట్టి పెంచాం" అన్నాడు. అక్కడే వద్దనేశా.

సీసాపాలతో ఒంటరిగా పెరిగిన పొట్టేలుకి మనిషంటే బెరుకుండదు. పిల్లగా ఉన్నన్నాళ్లూ అది ముద్దుగానే ఉంటుంది. మదమెక్కే వయసొచ్చాక మనిషిని కూడా తోటి పొట్టేలు కిందే లెక్కేస్తుంది, తోటి పొట్టేలుతో ఎవరు పెద్దో తేల్చుకునేది తలతోనే. నుదురు గోకడం, పిల్లల చేత తల నెట్టించి ఆడించడం అంటే రోజూ కుమ్మడం నేర్పినట్టే. నిమరాలనిపిస్తే గడ్డం కింద నిమరండి.

"మందలో వదిలి చూపించండి" అంటే ఓనరు కాస్త విసుక్కున్నాడు, కానీ చూపించాడు. అందుకో మార్కు. నేను తెచ్చుకున్నది నాలుగు పళ్లది, అంటే రెండేళ్ల వయసు. నేను దగ్గరికి నడిస్తే పక్కకు తప్పుకుని ఆడవాటి వెనక్కి పోయి అక్కణ్ణించి చూసింది. దాణా బకెట్ పెట్టి నేను ఇవతలికి వచ్చాకే మూతి పెట్టింది. పక్క అరలోది తప్పుకోలేదు. గడ్డం లోపలికి లాక్కుని, ముందుకాలు నేలకేసి కొట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. వెనక్కి నడిస్తే భయపడిందనుకుంటారు చాలామంది. అది పరుగుకి జాగా చేసుకుంటోంది! ఇంకోదానికి నుదుటి మీద బొచ్చు రాలి తోలు మొద్దుబారింది, కొమ్ము చివర అరిగింది. "కంచెకి రుద్దుకుంటుంది" అన్నారు. సంక్రాంతి పందేలకి తిరిగొచ్చిందని నా అనుమానం. (జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే, అయినా పండక్కి ఎక్కడో ఓచోట బరి కడుతూనే ఉంటారు.)

32 వేలు చెప్పి 28కి ఇచ్చారు. పళ్లు, గిట్టలు, వృషణాలు నన్నే పట్టి చూసుకోనిచ్చారు, తొందర పెట్టలేదు. చిటుకు రోగానికీ, పీపీఆర్ అనే పారుడు రోగానికీ టీకాలు వేశామన్నారు గానీ చేతికి కాగితం ఇవ్వలేదు. బండెక్కించేటప్పుడు కొమ్ము పట్టి ఈడ్చారు, అది నాకు నచ్చలేదు. ఒక మార్కు అక్కడ పోయింది.

మిగతా అర మార్కు, ఇంటికి తెచ్చాక పాతదానితో ఎలా కలపాలో ఒక్క ముక్క చెప్పనందుకు. తెలియనివాళ్లు నేరుగా దొడ్డిలో వదిలేస్తారు. రెండూ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఢీకొంటే మెడ విరిగి చచ్చేవి కూడా ఉంటాయి. మేం తడికలు కట్టి, అటూ ఇటూ తిరగడానికి మాత్రమే చోటున్న అరలో రెండిటినీ రాత్రంతా ఉంచాం. వెనక్కి వెళ్లే జాగా లేకపోతే దెబ్బలో బలం ఉండదు, దీని వాసన దానికి, దాని వాసన దీనికి అంటుతుంది. తెల్లారాక కాసేపు భుజాలతో నెట్టుకుని సర్దుకున్నాయి. పాతది అమ్ముడయ్యేదాకా గొడవ లేదు.

గొర్రెలు ఎదకొచ్చినప్పుడు మాత్రం ఈ సాధువు కూడా మారుతుంది. పై పెదవి ఎత్తి వాసన పడుతుంది, గుర్రుగుర్రుమంటుంది, దారికి అడ్డం నిలబడుతుంది. ఆ రోజుల్లో అత్తమ్మని లోపలికి పోనివ్వను. తొట్టిని కంచెకి ఆనించి పెట్టాం, దాణా బయటి నుంచే పోస్తాం. ఇది వచ్చాక గడ్డి గంప నెత్తిన పెట్టుకుని దొడ్డికి అడ్డంగా నడిచే అలవాటు ఇంట్లో అందరం మానేశాం, దానికి వీపు చూపించం. ఒకసారి నా వైపు తల దించితే మా మరిది కర్ర ఎత్తాడు. "వద్దబ్బాయ్" అన్నా. నుదుటి మీద దెబ్బ పడితే అది ఇంకో పొట్టేలు పోరుకి వచ్చిందనుకుంటుంది. చేతిలో ఉన్న బకెట్ నీళ్లు మొహాన కొట్టా, తల విదిలించుకుని పక్కకు పోయింది.

ఇలాంటి ఫారాలకి వెళ్లేవాళ్లు పొద్దున్నే, మేత వేయకముందే వెళ్లండి. మధ్యాహ్నం అయితే కడుపు నిండి నెమరేస్తుంటాయి, ఏదీ తలెత్తి చూడదు. ఓనరు ఏది చూపించి "ఇది గోవండీ" అన్నా నమ్మాల్సి వస్తుంది.