పోచంపల్లి ఇక్కత్: బడికి తేవాలా, పిల్లల్నే తీసుకుపోవాలా?

ఇక్కత్ అంటే నేయకముందే నూలుకు అక్కడక్కడ పట్టీలు కట్టి, రంగులో ముంచి, ఆ నూలుతో నేసే నేత. నల్లగొండ బడి పిల్లలకు ఇది అర్థం కావాలంటే దారులు రెండు: నేతన్నల ఊరు పోచంపల్లికి తీసుకుపోవడం, లేదా బడిలోనే చేసి చూపించడం.

ఖర్చు: భూదాన్ పోచంపల్లి పోతే బస్సు కిరాయి, భోజనాలు. బడిలోనైతే రెండడుగుల చెక్క చట్రం, తెల్ల నూలు, పాత సైకిల్ ట్యూబు పట్టీలు, బకెట్ రంగు. నేర్పే నేతన్నకు ఆ రోజు కూలి మాత్రం ఇవ్వాలి. ఉట్టి శాలువా కప్పి పంపొద్దు.

శ్రమ: ఊర్లో ఆసు (నూలును మేకుల చుట్టూ తిప్పి పోగులు పోయడం), చిటికి (రంగు అంటకుండా నూలుకు పట్టీలు కట్టడం), రంగు, మగ్గం అన్నీ చూడొచ్చు. చేత్తో ఆసు పోస్తే చీరకు చేయి వేలసార్లు ఆడాలి. నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం కనిపెట్టిన ఆసు యంత్రం తప్పించింది ఈ బాధనే. అరవైమందిని ఒకేసారి మగ్గం గదిలోకి తోలితే ఎవరికీ ఏమీ కనబడదు, పదేసిమందిని పంపాలి. మగ్గం మీద నేత నడుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

చిక్కు: బడిలో చిటికి వదులుగా కడితే రంగు లోపలికి పాకి గీత చెదురుతుంది. పట్టీని సాగదీసి గట్టిగా చుట్టాలి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. చెదిరిన పోగును పారేయకండి. రంగు పడేది గుడ్డ మీద కాదు, నేయకముందు నూలు మీద అని అదే బాగా చెబుతుంది.

చిన్న తరగతులు, ఒక్క పూట సమయమైతే బడే మేలు. తొమ్మిది, పది తరగతులకు, రోజంతా దొరికితే పోచంపల్లే.