జాగ్రత్త: ‘ఏడాది గ్యారంటీ టెఫ్లాన్ వ్యాక్స్’ అని చెప్పి కారు పెయింట్ అరగదీసి పంపిస్తున్నారు

పాలకొల్లు, భీమవరం, నరసాపురం, రాజోలు వైపు కార్లున్న వాళ్లు, ముఖ్యంగా నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగు కార్ల వాళ్లు, వాటర్ సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు "టెఫ్లాన్ వ్యాక్స్ వేస్తామండి, ఏడాది గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నా దగ్గర మూడున్నర వేలు తీసుకుని కారుకి వేసింది వ్యాక్స్ కాదు. మెషిన్‌తో గరుకు రబ్బింగ్ పట్టి, ఆ గీతలు కనపడకుండా పైన ఏదో జిడ్డు పాలిష్ పూసి పంపించారు. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క షాపు సంగతి కాదు, తెలిసిన వాళ్లని అడిగితే ఇంకా కొన్నిచోట్ల ఇదే వరస అంటున్నారు.

ముందు డెమో చూపిస్తారు, అక్కడే అందరూ పడిపోతున్నారు. బానెట్ మీద ఒక మూల లేబుల్ లేని సీసాలోంచి తెల్లటి పాలిష్ పోసి గుడ్డతో తుడిచి, మగ్గుతో నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారిపోతాయి. తర్వాత అదే చోట లైటర్ వెలిగించి మంట పెడతారు, పెయింటుకి ఏమీ కాదు, "చూశారా సార్, మంటకి కూడా తట్టుకుంటుంది" అంటారు. ఈ రెండూ దేనికీ రుజువు కావండి. నూనె ఉన్నది ఏది పూసినా, ఆఖరికి ఇంట్లో కొబ్బరినూనె రాసినా నీళ్లు బొట్లు కడతాయి, కాబట్టి ఆ బొట్లు చూసి పూత ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మంట సంగతికొస్తే పాలిష్‌లో ఉన్న సాల్వెంట్ కాసేపు మండి ఆరిపోతుంది, కింద రేకు వేడిని లాగేసుకుంటుంది, ఆ రెండు మూడు సెకన్లలో కంపెనీ పెయింటుకి మామూలుగానే ఏమీ కాదు. మీరు మాత్రం ఇంటి దగ్గర ఆ ప్రయోగం చేయకండి, ప్రమాదం. ఇక టెఫ్లాన్. నాన్‌స్టిక్ దోసె పెనానికి అది పట్టాలంటే ఫ్యాక్టరీలో దాన్ని కరిగే వేడి దాకా తీసుకెళ్లి కాల్చాలి, అది కరిగేదే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కారుకి అంత వేడి పెడితే ముందు పెయింటే మాడిపోతుంది. గుడ్డతో రుద్దితే టెఫ్లాన్ పొర పట్టేస్తుందనే మాటలో పస లేదు.

సాయంత్రం కారు తెచ్చుకున్నప్పుడు మెరుపు బాగానే ఉంది, కాదనను. సార్వా ఊడ్పుల వానలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. నీళ్లు బొట్లు కట్టడం మానేసి పలచగా పరుచుకుంటున్నాయి, దుమ్ము మాత్రం మునుపటికంటే ఎక్కువ పడుతోంది, వేలితో రాస్తే జిడ్డు. వాన వెలిసి ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే బానెట్ నిండా సన్నటి గుండ్రటి గీతలు, ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టలుగా. రాత్రి ఫోన్ టార్చి వేసి చూస్తే డోర్ల మీద కూడా అవే, మెషిన్ ప్యాడ్ తిరిగిన జాడలు. ఎంబ్లం అక్షరాల సందుల్లో, డోర్ హ్యాండిల్ గుంటల్లో తెల్లపొడి గట్టిపడి ఉంది. బంపర్ కింద నల్ల ప్లాస్టిక్ మీద పడ్డ తెల్ల మరకలు షాంపూతో కడిగినా పోలేదు. జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో ఫెండర్ మీద జానెడు చోటు తుడిచాను. అక్కడ మిగిలిన కాస్త మెరుపూ పోయి గీతలు ఇంకా తేటగా కనిపించాయి. అంటే గీతల్ని నింపి దాచే పాలిష్ పూశారన్నమాట.

దీన్ని అంత తేలిగ్గా ఎందుకు తీసుకోకూడదంటే, కంపెనీ నుంచి వచ్చిన కారు పెయింటు మొత్తం మందమే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో అన్నిటికంటే పైన ఉండే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుకంత మందం కూడా ఉండదు. కింద రంగు ఎండకి వెలిసిపోకుండా కాపాడేది ఆ పొరే. గరుకు కాంపౌండ్‌తో రబ్బింగ్ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. వ్యాక్స్ పోతే ఇంకోసారి వేసుకోవచ్చు, క్లియర్ కోటు పోతే పెయింటింగ్ షెడ్డుకి వెళ్లాల్సిందే. రబ్బింగే తప్పు అనడం లేదు, గీతలు తీయాలంటే దారి అదే. కానీ పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి చూసి, మనకి చెప్పి, మనం సరేనన్నాక చేయాల్సిన పని. వ్యాక్స్ పేరు చెప్పి చేయడం మోసం.

వెళ్లి అడిగితే ఓనరు "మీరు బోరు నీళ్లతో కడిగుంటారండి, అందుకే పోయింది, గ్యారంటీ వర్తించదు" అన్నారు. వాళ్లిచ్చిన కార్డు వెనక చిన్న అక్షరాల్లో నిజంగానే రాసి ఉంది: బోరు నీళ్లు, ఎండలో పార్కింగ్, వానలో తడవడం, వీటికి గ్యారంటీ లేదట. మన డెల్టాలో ఈ మూడూ తగలకుండా ఏ కారు తిరుగుతుందండి? కాలువలు కట్టేసే వేసవిలో చాలా ఇళ్లకి బోరే దిక్కు. ఆ షాపులో కార్లు కడుగుతున్నది కూడా బోరు నీళ్లతోనే, మోటారు నా కళ్లముందే ఆడుతోంది.

ఆ గీతల్ని రాజమండ్రిలో మీటరు పెట్టి చేసేవాళ్ల దగ్గర వీలైనంత వరకు తీయించాక, డబ్బాలు నేనే కొని వేసుకున్నాను. బానెట్ నడిమధ్య మాస్కింగ్ టేపు అంటించి ఎడమ సగానికి కార్నూబా పేస్ట్ వ్యాక్స్, కుడి సగానికి సింథటిక్ సీలెంట్ (మైనం బదులు కృత్రిమ పాలిమర్లతో చేసే పూత), డిక్కీకి స్ప్రే వ్యాక్స్. మెరుపులో నా ఓటు కార్నూబాకే. ముదురు రంగుకి ఒక లోతు, ఒక తడి మెరుపు వస్తుంది, సీలెంట్ సగం అద్దంలా తళతళలాడినా ఆ నిగారింపు రాలేదు. కార్నూబా అంటే బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం, మందుబిళ్లల పైపూతకి కూడా వాడతారు. అది ఒట్టిగా ఉంటే రాయంత గట్టి, చేత్తో పూయడం కుదరదు, అందుకే నూనెలూ సాల్వెంట్లూ కలిపి మెత్తబరుస్తారు. డబ్బా మీద ‘100 శాతం కార్నూబా’ అని ఉన్నా లోపల ఉన్నదంతా కార్నూబా అనుకోకండి.

మన్నికలో మాత్రం సీలెంట్‌దే పైచేయి. వానలు ముదిరేసరికి ఎడమ సగం మీద నీళ్లు పరుచుకోవడం మొదలైంది, కుడి సగం మీద వానాకాలం గడిచాక కూడా బొట్లు కడుతూనే ఉన్నాయి. మామూలుగా కార్నూబా కొన్ని వారాల నుంచి రెండు నెలల దాకా, మంచి సీలెంట్ నాలుగైదు నెలలు వస్తాయని లెక్క, మన ఎండకి, ఉప్పుగాలికి అందులో కొంత తగ్గించుకోవాలి. స్ప్రే అన్నిటికంటే సుళువు, కడిగాక కొట్టి తుడిచేస్తే అయిపోతుంది, కానీ కొన్ని వాష్‌లకే పోతుంది కాబట్టి దాన్ని పైపైన టచప్‌కే వాడుతున్నాను. పేస్ట్ వేసేటప్పుడు శ్రమంతా తుడవడంలోనే. దట్టంగా పూస్తే మెరుపేమీ పెరగదు, ఆరాక వదలక భుజాలు పడిపోతాయి. రేకు చల్లగా ఉన్న పొద్దుటిపూట నీడలో పలచగా పూసి, వేలితో ఒక గీత లాగితే అది శుభ్రంగా విడిపోయినప్పుడు తుడవండి. మన ఉక్కలో డబ్బా మీద రాసిన టైముకంటే ఆలస్యంగానే ఆరుతోంది. వేడెక్కిన బానెట్ మీద మాత్రం అస్సలు వద్దు.

ఎంత మంచి వ్యాక్స్ అయినా మన నీళ్లతో ఒక చిక్కుంది, షాపుల్లో ఇది ఎవరూ చెప్పరు. వ్యాక్స్ ఉన్న రేకు మీద బోరు నీళ్లు బొట్లుగా నిలబడి ఎండలో ఆరితే, ఆ బొట్టులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా ఒక్కచోటే తెల్లటి వలయంలా మిగిలిపోతుంది. ఉప్పయితే మామూలు నీళ్లకి కరిగిపోతుంది, ఇది కరగదు, వదిలేస్తే క్లియర్ కోటులోకి దిగి మచ్చ పడిపోతుంది. కడిగిన వెంటనే ఆరనివ్వకుండా తుడిచేయాలి. వాననీళ్లు పట్టుకునే వీలుంటే ఆఖరి నీళ్లు అవే పోయండి. మరక పడిపోతే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, వెంటనే కడిగేయాలి, ఆ చోట వ్యాక్స్ కూడా బలహీనపడుతుంది కాబట్టి మళ్లీ వేసుకోవాలి. ఉండి, ఆకివీడు రోడ్డులో చేపల లారీల నుంచి కారే నీళ్లు బానెట్ మీద చిందితే ఆ రోజే కడిగేయడం మంచిది. బట్టల సబ్బు పొడి కలిపిన నురగ మాత్రం కొట్టనివ్వకండి, దానికి ఏ వ్యాక్సూ నిలవదు.

"వ్యాక్స్ ఎందుకు సార్, సిరామిక్ వేయించేయండి, గంటలో ఇచ్చేస్తాం" అనే వాళ్లు కూడా తయారయ్యారు. అసలైన సిరామిక్ కోటింగ్‌కి (పెయింటు మీద గట్టిపడి ఎక్కువకాలం ఉండే గాజులాంటి పూత) పెయింటు మీద పేరుకున్న మురికిని క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో తీసి, పాలిష్ పట్టి, జిడ్డు తుడిచి, పూత వేశాక కనీసం ఒక రోజు తడవకుండా ఉంచాలి. గంటలో చేతికిచ్చేది స్ప్రే అయ్యుంటుంది. స్ప్రే వేయడం తప్పు కాదు, స్ప్రే ధర తీసుకోవాలి.

ఇప్పుడు ఎవరైనా వేయించుకోబోతుంటే నా మాట ఇది: సీలు ఉన్న డబ్బా మీ ఎదురుగా తీయమనండి, లేదా మీరే కొని తీసుకెళ్లండి. మెషిన్ పెట్టాలంటే ముందు అడగమని చెప్పండి, దగ్గరుండి చూడండి. డబ్బులిచ్చే ముందు ఫోన్ టార్చి వేసి బానెట్, డోర్లు చూసుకోండి. ఈమధ్య డెంటింగ్ పెయింటింగ్ చేయించిన కారయితే కొత్త పెయింటులోంచి సాల్వెంట్ పూర్తిగా ఆవిరయ్యే దాకా, ఒకటి రెండు నెలలు, ఏ వ్యాక్సూ వద్దు. బిల్లు మీద వేసిన ప్రోడక్ట్ పేరు, గ్యారంటీ గడువు రాయించుకోండి. నాకు బిల్లు బదులు విజిటింగ్ కార్డు వెనక డబ్బుల అంకె వేసి ఇచ్చారు, నిలదీస్తే అప్పుడు బిల్లు రాశారు, పట్టుబట్టి గ్యారంటీ ఏడాది అని కూడా రాయించాను. ఆ కాగితం, టార్చి వెలుగులో తీసిన ఫోటోలు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు విలువైన కేసుకి ఫీజు కూడా లేదు. ఇదే అనుభవం అయినవాళ్లు బిల్లు, ఫోటోలు దాచిపెట్టుకోండి, కారుని మళ్లీ ఆ షాపుకే ఇచ్చి ‘సరిచేస్తాం’ అంటే ఇంకోసారి రబ్బింగ్ పట్టనివ్వకండి.