గేటుకు పౌడర్ కోటింగా, గాల్వనైజింగా? ఉప్పుగాలి ఊళ్లో ఏది మేలు

వారంలో కనీసం ముగ్గురు ఇదే అడుగుతున్నారు. ఫోన్లో అయిదు నిమిషాలు చెప్పి పెట్టేస్తే, సాయంత్రానికి వాళ్ల బావగారు ఫోన్ చేసి మళ్లీ అదే అడుగుతారు. అందుకని ఒకసారి రాసి పెడుతున్నాను. మాది విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, రెయిలింగులు, మేడ మెట్లు, వాటర్ ట్యాంకు స్టాండ్లు మా పని. కాబట్టి నేను చెప్పేది ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఇళ్ల గురించి. కరీంనగర్‌లోనో అనంతపురంలోనో ఉన్నవాళ్లు ఇంత టెన్షన్ పడక్కర్లేదు. అక్కడ మంచి పౌడర్ కోటింగ్ హాయిగా సరిపోతుంది.

మందం ఎంత, మెరుపు ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు అని అందరూ అడుగుతారు. గీత పడ్డాక ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో తేలాల్సింది అక్కడే. గేటన్నాక స్కూటర్ హ్యాండిల్ తగులుతుంది, గడియ రోజుకు ఇరవైసార్లు రాసుకుంటుంది, పిల్లలు రాయి పెట్టి గీస్తారు.

బీచ్‌కి దగ్గర్లో ఉన్న మా చెల్లెలి మేడ మీద రెండు యాంగిల్ ముక్కలు వేలాడదీశాను. ఒకదానికి నల్ల పౌడర్ కోటింగ్, ఇంకోదానికి గాల్వనైజింగ్, అంటే కరిగిన జింక్‌లో ముంచి పట్టించిన పూత. రెండింటి మీదా ఇనుము కనబడేదాకా బ్లేడుతో ఇంటూ గుర్తు గీశాను. రెండు వానాకాలాలయ్యాక దించి చూస్తే, పౌడర్ ముక్క మీద గీతల నుంచి ఎర్రనీరు కారిన చారలున్నాయి. గీతకు రెండు పక్కలా పొర అప్పడంలా పొంగింది. గోరు పెట్టి లాగితే అరచేతి వెడల్పున ఊడి వచ్చింది, కిందంతా తుప్పే. పైకి మాత్రం గీతకు వేలెడు దూరంలో నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. గాల్వనైజింగ్ ముక్క మీద గీతలో కాస్త తెల్లటి పొడి తప్ప ఎరుపు లేదు. మా చెల్లెలు దాన్ని చూసి "ఇదేంటన్నయ్యా, కరెంటు స్తంభం ముక్కలా ఉంది" అంది. నిజమే, అలాగే ఉంటుంది.

ఎందుకిలా అంటే, పౌడర్ అనేది ఇనుము మీద తొడిగిన ప్లాస్టిక్ చర్మం. 60 నుంచి 80 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొడిని కరెంటు ఛార్జితో అంటించి, ఓవెన్లో 180, 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. చర్మం చిరగనంత కాలం బ్రహ్మాండం. చిరిగితే ఉప్పునీరు పొర కిందకి దూరి పక్కకు పాకుతుంది. జింక్ కథ వేరు. ఇనుమూ జింకూ కలిసి తడిసినప్పుడు ముందు కరిగేది జింకే. చుట్టూ జింక్ ఉన్నంతవరకు, మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇనుము బయటపడినా అది తుప్పు పట్టదు. అలాగని రెండంగుళాల మేర గ్రైండర్ పెట్టి గీకేస్తే ఏ జింకూ కాపాడలేదు.

ఇంకో సంగతి చదరపు గొట్టాల లోపలిది. పౌడర్ గన్ ఎంత బాగా కొట్టినా పొడి గొట్టం లోపలికి వెళ్లదు. బయటవైపు ఇరుకు మూలల్లోనూ సరిగా పట్టదు. గాల్వనైజింగ్‌లో వస్తువునంతా 450 డిగ్రీల కరిగిన జింక్ తొట్టిలో ముంచుతారు కాబట్టి లోపలా బయటా ఒకేసారి పడుతుంది. భీమిలి వైపు ఒక ఇంటికి పౌడర్ కోటింగ్ చేయించి ఇచ్చిన రెయిలింగు మూడో ఏడు నాకే తిరిగొచ్చింది. పైన చెయ్యి పట్టుకునే చోటంతా కొత్తదానిలా ఉంది. అడుగున, గొట్టంలో నీళ్లు నిలిచిన చోట, లోపలి నుంచి తినేసి స్క్రూడ్రైవర్ దిగబడింది. కోటింగ్ వేసినవాళ్ల మీద కేకలు వేశాను గానీ, నీళ్లు పోవడానికి అడుగున కన్నం పెట్టనిది నేనే.

"మాది జీఐ పైపే (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) కదండీ, మళ్లీ జింక్ ఎందుకు?" అని మరో ప్రశ్న. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. షాపుల్లో తళతళలాడుతూ అమ్మే పల్చటి చదరపు పైపు ఎక్కువగా జీపీ షీటుతో, అంటే ముందే పల్చగా జింక్ పట్టించిన రేకుతో చేసినది. 120 జీఎస్ఎం అంటారు చూడండి, అది రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాముల జింక్. ఒక్కో వైపు దాదాపు 8 మైక్రాన్లు. తయారైన వస్తువును తొట్టిలో ముంచే పనికి మన ప్రమాణం ఐఎస్ 4759. దాని ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందమున్న ఇనుముకు చదరపు మీటరుకు 610 గ్రాములు, అంటే సుమారు 85 మైక్రాన్లు ఉండాలి. ఉప్పుగాలి బాగా కొట్టే చోట జింక్ ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు కరుగుతుంది. లెక్క వేసుకోండి: జీపీ పైపు మీది జింక్ ఏడాది, రెండేళ్లు, తొట్టిలో ముంచినది పది నుంచి ఇరవై ఏళ్లు. పైగా జీపీ పైపును వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర ఆ 8 మైక్రాన్లూ తెల్లపొగై పోతాయి. (ఆ పొగ పీల్చిన రాత్రి జ్వరం వస్తుంది. మా కుర్రాళ్లు పాలు తాగితే విరుగుడంటారు. నేను మాస్కు పెట్టుకోమంటాను.) అందుకే కోత, కన్నాలు, వెల్డింగ్ అన్నీ అయ్యాకే ముంచాలి.

అరుగుదల విషయంలోనూ జింక్‌కే నా ఓటు. వేడి జింక్ ఇనుముతో కలిసి కట్టే లోపలి పొరలు మామూలు ఇనుము కన్నా గట్టివి. పైన మెత్తటి జింక్ అరిగినా కింద అవి ఆపుతాయి. పౌడర్ అయితే గడియ రాసుకునే చోట నెలలో పోతుంది. అయినా మడతబందు పిన్నుకి, స్లైడింగ్ గేటు చక్రానికి ఏ కోటింగూ నిలవదు. అక్కడ స్టీలు పిన్ను వేసి గ్రీజు పెట్టుకోవాలి. టిప్పర్ జాకీ రాడ్డుకు వేసే హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) గేటుకు వేస్తారా అని ఒకాయన అడిగాడు. అది అరుగుదలకు రాజే గానీ, దానిలో సన్నటి పగుళ్లుంటాయి. ఉప్పుగాలిలో తుప్పు వాటిలోంచే దూరుతుంది.

గాల్వనైజింగ్ బాధలు కూడా చెప్పాలి. మూసేసిన గొట్టాన్ని తొట్టిలో వేస్తే లోపలి గాలి, తడి వేడెక్కి పేలిపోతుంది. మొదటిసారి మా లోడంతా "కన్నాలు పెట్టి తీసుకురా" అని వెనక్కి పంపేశారు. మడతబందులు బిగించి పంపితే జింక్ పట్టేసి కదలవు, అవి విడిగా పంపాలి. పల్చటి రేకు డిజైన్లు వంకర పోతాయి. ఒక్క గేటు కోసం లారీ కట్టలేం కనుక పదో పన్నెండో పోగయ్యేదాకా ఆగాలి. కిలో లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి బరువైన గేటుకు పౌడర్ కన్నా ఖర్చెక్కువ అవుతుంది. తిరిగొచ్చాక వానలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే వారంలో తెల్లతుప్పు పడుతుంది.

మిగతావి రెండు మాటల్లో. రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్: చవక, ఏటా బ్రష్షు పట్టుకునే ఓపికుంటే సరే. బోల్టులకు వేసే మెరుపు జింక్ ప్లేటింగ్: ఇంటి లోపలికి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు: బీచ్ దగ్గర టీ మరకల్లాంటివి పడతాయి, వారం వారం తుడుచుకోవాలి.

రంగు కావాల్సిందే అనేవాళ్లు గాల్వనైజింగ్ చేయించి దాని మీదే పౌడర్ వేయించుకోవచ్చు. ఖర్చు రెండింతలు, ఆయుష్షు రెండూ కలిపిన దానికన్నా ఎక్కువ. అయితే పౌడర్ షాపువాళ్లకు ఇది గాల్వనైజింగ్ అయిన సరుకని ముందే చెప్పండి. లేకపోతే ఓవెన్లో జింక్ పొర నుంచి గాలి తన్నుకొచ్చి పౌడర్ నిండా సూదిమొన కన్నాలు పడతాయి. బయట ఎండకు పాలియెస్టర్ పౌడరే అడగండి, ఎపాక్సీ అయితే తెల్లబారుతుంది. ఖర్చు తగ్గించుకుందామని గాల్వనైజింగ్ మీద నేరుగా ఎనామిల్ పూయించొద్దు. ఎనామిల్లో ఉండే నూనె జింక్‌తో కలిసి సబ్బులా మారి, రంగు పెచ్చులుగా రాలిపోతుంది.

మొన్న ఉగాదికి మా సొంతింటి గేటు మార్చాం. మా ఆవిడ నల్లగా మెరవాలంది, నేను ఉత్త జింకే చాలన్నాను. చివరికి గేటు నల్లగానే వచ్చింది, లోపల జింక్‌తో. పెరటి వైపు చిన్న గేటు మాత్రం నా మాట ప్రకారం కరెంటు స్తంభం రంగులోనే ఉంది.