ఎరుపును నమ్ముతాను, ఆకుపచ్చను అనుమానిస్తాను

ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. వారానికి ఐదు రోజులు జాతీయ రహదారి 16 మీద రానూ పోనూ. 2021లో కొన్న కారులో ఇంటర్నెట్‌కు సిమ్ లోపలే ఉంది. ముందున్న ట్రాఫిక్ స్క్రీన్ మీద రంగు గీతలుగా కనిపిస్తుంది. నాలుగేళ్లు వాడాక చెబుతున్నాను: హైవే మీద ఇది పనికొచ్చే వస్తువే. కాకపోతే ఆ రంగు ఎలా వస్తుందో తెలుసుకోకుండా నమ్మితే ఇరుక్కుంటాం.

నాలాంటి కార్లు, జనం జేబుల్లోని ఫోన్లు తాము ఎక్కడున్నదీ, ఎంత వేగంగా కదులుతున్నదీ పంపుతూ ఉంటాయి. రోడ్డును ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో వచ్చిన వేగాన్ని ఖాళీ రోడ్డు మీద ఉండే వేగంతో పోల్చి రంగు వేస్తారు: సాఫీగా ఉంటే ఆకుపచ్చ, బాగా నెమ్మదిస్తే ఎరుపు. అన్ని బండ్లూ సమాచారం పంపవు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టే ఇదీ. కాబట్టి వేగం తెలుస్తుంది గానీ బండ్లు ఎన్నో తెలియదు. ఆ లెక్క కావాలంటే కాజ టోల్ గేటు దగ్గర అడగాలి. అక్కడైనా బైకులు టోల్ కట్టవు కదా!

తాడేపల్లి దాటాక మంగళగిరి, కాజ, పెదకాకాని వరకు చెప్పిన సమయానికి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూగా చేరతాను. అక్కడ బండ్లన్నీ ఇంచుమించు ఒకే తీరున పోతాయి, మెతుకు సరిపోతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర మాత్రం కిచిడీ. ఫ్లైఓవర్ పైన కార్లు దూసుకుపోతుంటాయి, కింద సర్వీస్ రోడ్డులో ఆటోలు పాకుతుంటాయి. ఒకదానిమీద ఒకటి ఉన్న రోడ్లలో బండి దేనిమీద ఉందో జీపీఎస్‌కు తేల్చుకోవడం కష్టం. ఖాళీ ఫ్లైఓవర్‌ను ఎర్రగా చూసి కిందకు దిగి, పావుగంట పోగొట్టుకున్న రోజులున్నాయి.

ఇంకో తమాషా. ఒక సాయంత్రం నేను ఇంటికి వస్తుంటే కృష్ణా నది మీది వారధిపై లారీ ఆగిపోయింది. యాప్ ముందే ఎరుపు చూపించి ఉండవల్లి మీదుగా ప్రకాశం బ్యారేజీకి వెళ్లమంది. నాకొక్కడికే చెప్పిందనుకుని మురిసిపోయాను. ఉండవల్లి సెంటర్‌కు చేరేసరికి అదే సలహా విన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

2024 సెప్టెంబరు 1న అసలు లోపం తెలిసొచ్చింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ హైవే మీదికి వరదనీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. మా బావమరిది అప్పటికే అటునుంచి బయలుదేరాడు. నా స్క్రీన్‌లో అక్కడ ఎరుపు లేదు, చాలాసేపు మామూలు సమయమే చూపించింది. రోడ్డు మీద బండే లేకపోతే నెమ్మదిగా పోతోందని చెప్పేదెవరు? వాడు ఫోన్ చేసి, "బావా, పోలీసులు వెనక్కి పంపిస్తున్నారు" అన్నాకే తెలిసింది. ఆ రోజు నుంచి వానాకాలంలో పచ్చ గీత కనిపించినా ముందు టీవీ వార్తలు చూసి బయలుదేరుతున్నాను. ఎరుపు మాత్రం హైవే మీద ఎప్పుడో గానీ అబద్ధం చెప్పదు.

ఇక డబ్బు సంగతి. మూడేళ్లు ఉచితం అన్నారు, గడువు అయిపోగానే ఏడాది చందా అడిగారు, కట్టాను. "మన కారు వేగం వాళ్లకు పంపేది మనమే, మళ్లీ వాళ్లకు డబ్బు కట్టేదీ మనమేనా?" అంది మా ఆవిడ. వారధి దాటేదాకా జవాబు తట్టలేదు.