ముల్లార్డా, టెలిఫంకెనా?

గిటార్ ఆంప్లిఫయర్‌లో వాడే వాక్యూమ్ ట్యూబుల కంపెనీల పేర్లు ఇవి. రెండూ ఈసీసీ83 రకం ట్యూబులే, అమెరికా వాళ్ల లెక్కలో 12ఏఎక్స్7. ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) కాగితం మీద రెండింటికీ 100. కానీ ఆంప్ మొదటి సాకెట్‌లో మార్చి వింటే తేడా తెలుస్తుంది. తర్వాతి సాకెట్లలో అంతగా తెలియదు.

ఇంగ్లండ్ ముల్లార్డ్‌లో మధ్య స్వరాలు నిండుగా ఉంటాయి, వాల్యూమ్ పెంచితే శబ్దం మెత్తగా చిట్లుతుంది. బ్లూస్‌కి నా ఓటు దీనికే. జర్మనీ టెలిఫంకెన్ తేటగా, పై స్వరాలను విప్పి వినిపిస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పిన విజయనగరంలో, వయొలిన్ గమకాలను గిటార్ మీద పట్టాలనుకునేవాళ్లకు ఇదే నప్పుతుంది.

టెలిఫంకెన్ కొనేటప్పుడు అడుగున పిన్నుల మధ్య గాజులో అచ్చు పడిన డైమండ్ గుర్తు చూడండి. పైన పేరు ఎవరైనా ముద్రించగలరు. ఏదైనా సరే, పెన్సిల్‌తో మెల్లగా తట్టినప్పుడు స్పీకర్‌లో ఖంగుమంటే మొదటి సాకెట్‌కి వద్దు.